సముద్రం ఫ్లాస్కులో టీ

నీ ఫ్లాస్కులో టీ పోశారు, టీచరక్కా. సముద్రంలో ముళ్లబంతిలా ఉండే సీ అర్చిన్ గుడ్లని విశాఖ నుంచి మన అరకు బడికి రైల్లో తెచ్చిన ఫ్లాస్కు అది. సబ్బు తగిలితే గుడ్లు చస్తాయని ఎవరినీ ముట్టనివ్వలేదు నువ్వు.

నువ్వు బదిలీ అయి వెళ్లి ఏడాదైంది. ఈసారి బడి ఊడ్చే నేనే గుడ్లు తెచ్చి పిల్లలకి చూపిద్దామని బీరువా తీశాను. ఫ్లాస్కు అందులో లేదు, కొత్త హెడ్మాస్టరు బల్ల మీదుంది, మూతకి పాలమీగడ అంటుకుని.

"కొండ పిల్లగుంటలకి సముద్రం గుడ్లేటిరా? నువ్వూ ఓ గుక్క తాగు," అన్నాడు. తాగకుండా బయటికొచ్చేశాను.

అప్పట్లో నువ్వు మగ అర్చిన్ వీర్యం చుక్క కలిపాక ఒక గుడ్డు రెండుగా, రెండు నాలుగుగా విడిపోవడం మైక్రోస్కోపులో చూసి, "ఎవులూ కొయ్యకుండానే సీలిపోతంది!" అని మా చెల్లి అరిచింది. ఇప్పటి పిల్లలూ అలా అరవాలి.

కొత్త ఫ్లాస్కు కొన్నాను. ఆ ముళ్లబంతుల్ని విశాఖలో ఏ రాళ్ల సందుల్లో ఏరేదానివో శుక్రవారం సంతలోగా ఫోన్ చేసి చెప్పు, ఆ రోజే రైలెక్కుతాను.