బావ చొక్కా

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఆస్పత్రిలో గొట్టం వేసినప్పటి నుంచి నీ గొంతు బొంగురుగానే ఉందని మరదలు చెప్పింది. గొంతు బొంగురైతే మాత్రం ఏం, చెవులు బాగానే ఉన్నాయిగా! పోయిన ఆదివారం బస్సు దిగి మీ ఇంటికొస్తే నువ్వు పడుకున్నావంది. లోపల ఫ్యాను స్విచ్చి నొక్కిన చప్పుడు నాకు వినిపించింది. నిద్రలో లేచి ఫ్యాను వేసుకునేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

ఐసీయూ నుంచి ప్రాణాలతో బయటపడ్డావు, అదే చాలనుకున్నాను. కానీ కొట్టు షట్టరు ఇంకా దించే ఉందట. సూది ముట్టుకోవట. కత్తెర ఎవరికైనా ఇచ్చేయమన్నావట. నా మీద కోపముంటే తిట్టు, పడతాను. ఇలా మొహం చాటేయకురా.

మీ బావ తన చొక్కా సంగతి అడగమన్నారు. ఆ బట్ట నీకిచ్చిన రోజుల్లో ఆయనకి జుట్టు ఉండేది.

నీ అక్క

* * *

అక్కకి,

ప్రియమైన అని రాయబోయి ఆగాను. ఏమీ అనుకోకు.

మనసు బాగుపడటానికి ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఐసీయూలో మత్తుమందు మీద ఉండి వచ్చినవాళ్ళలో చాలామందికి లేనిపోనివి కనిపిస్తాయట. అవి నిజంగా జరిగినట్టే మనసులో దిగబడిపోతాయట. అప్పుడు పక్కనున్న మనిషిని అడిగి తెలుసుకోమంది ఆవిడ. పక్కనున్నది నువ్వే, అందుకే అడుగుతున్నాను.

నా చేతులు మంచానికి కట్టేశారు. నువ్వు నర్సుతో గుసగుసలాడావు. తర్వాత నా చేతిలో తెల్లగుడ్డ పెట్టి "కుట్టరా, కుట్టు" అన్నావు. అది నా శవం మీద కప్పే గుడ్డ. దాన్ని నా చేతే కుట్టిస్తున్నారు మీరు. వద్దని అరిచాను, గొంతు పెగల్లేదు.

అదంతా కలేనని పగలంతా నాకు నేను చెప్పుకుంటాను. అయినా తెల్లబట్ట కనిపిస్తే చెమటలు పట్టేస్తాయి. నీ గొంతు విన్నా అంతే. తెల్లబట్టకి భయపడే టైలరుకి కొట్టెందుకు? నిజం చెప్పు. ఊరడించడానికి మాత్రం అబద్ధం రాయకు.

తమ్ముడు

* * *

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మీ బావ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నా వెనకాలే తిరిగారు.

అబద్ధం రాయను. ఆ గుడ్డ పెట్టింది నేనే. కుట్టమన్నదీ నేనే.

ఊపిరి గొట్టం పీకేసుకోబోయావని మెత్తటి పట్టీలతో నీ చేతులు కట్టారు. కట్టేసరికి ఇంకా గింజుకున్నావు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. అదెక్కడో చూసినట్టుందే అనుకుని, కాసేపటికి గుర్తుపట్టాను. "వీడు చొక్కా గుండీలకి కాజాలు కుడుతున్నాడమ్మా, చేతిలో బట్ట లేదని అల్లాడుతున్నాడు" అన్నాను నర్సుతో. ఆ తల్లి నవ్వలేదు. డాక్టరుని అడిగొచ్చి, "ఉతికిన గుడ్డైతే తీసుకురండి" అంది.

కొట్టు తెరిస్తే బల్లమీద నువ్వు కత్తిరించి పెట్టిన మీ బావ తెల్లచొక్కా ఉంది. అందులో ఎడమ ముందుముక్క తీసి, ఉతికి తెచ్చాను. కాజాలు వచ్చేది అటేగా. అది చేతికి తగలగానే నువ్వు నెమ్మదించావు. పట్టీలు విప్పేశారు, మళ్ళీ కట్టలేదు. సూది లేకుండానే కుట్టుకుంటూ పోయావు. నేను నీ మణికట్టు పట్టుకుని, "కుట్టరా, కుట్టు, తొందరేం లేదు" అంటూ కూర్చున్నాను.

ఆ ముక్క దీంతో పంపుతున్నాను. నీకిష్టమైతేనే విప్పు. మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని విప్పు.

నీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

ఈసారి చెయ్యి ఆగలేదు.

పొట్లం విప్పడానికి చాలా రోజులు పట్టింది. నీ మరదలు దాన్ని బీరువాలో పెడితే ఆ బీరువా వైపే చూడలేదు. నిన్న పొద్దున్న కాఫీ తాగాక, నేనే తెమ్మన్నాను. చెమటలు పట్టాయి, అయినా చూశాను. అంచున గుండీల కాజాలకి నేను పెట్టిన గుర్తులున్నాయి, ఉతికినా పూర్తిగా పోలేదు. శవం మీద కప్పే గుడ్డకి గుండీలెందుకే అక్కా! నీ మరదలు పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, దగ్గొచ్చేదాకా.

గుండెల మీంచి బండ దించినట్టుంది. అన్నీ పోయాయని చెప్పను. ఆస్పత్రి మిషన్లలా ఎక్కడ ఏది బీప్‌మన్నా ఇప్పటికీ ఉలిక్కిపడతాను. మెల్లగా తగ్గుతుందంది డాక్టరమ్మ, వెళ్తూనే ఉంటాను. మధ్యాహ్నం కొట్టుకెళ్ళి షట్టరు సగం ఎత్తాను. పక్క కొట్టు మంగలి ఎవరికో గీస్తున్న గడ్డం సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చి, మిగతా సగం తనెత్తాడు.

ఇన్నాళ్ళూ నా మణికట్టు మీద ఉన్నది తాడనుకున్నాను. నీ చెయ్యి అన్నమాట.

చొక్కా పూర్తయింది. వేళ్ళు ఇంకా వణుకుతున్నాయి, కింది కాజా వంకర పోయింది. బావని టక్ చేసుకోమని చెప్పు. ఆదివారం ఇద్దరూ రండి. బెల్లు కొట్టకండి, తలుపు తీసే ఉంచుతాను.

నీ తమ్ముడు