తెర మూలన అమ్మ గడి

తమ్ముడు మణికుమార్‌కు,

గరాచర్మ నుంచి పెళ్లికూతురు ప్రమోద వాళ్ల అమ్మను రాస్తున్నాను.

పెళ్లికి వీడియో తీయడానికి వచ్చిన నువ్వు పెద్ద తెరను గడులు చేసి మండపం, భోజనాల హాలు, గుమ్మం అన్నీ ఒకేసారి చూపించావు. పై మూల చిన్న గడిలో మా అమ్మ. మంచం పట్టిన మనిషి, అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ పడవ ఎక్కలేక మనవరాలి పెళ్లి వీడియో కాల్‌లోనే చూసింది.

తాళి కట్టే వేళకు నువ్వు మండపాన్ని తెర నిండా పరిచావు. అమ్మ గడి మాయమైంది. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ మీదే అక్షింతలు వేసిందట. అమ్మ దగ్గర కాల్ పట్టుకున్న మా వదిన ఫోన్ కవరు సందులో ఆ పసుపు గింజలు ఇంకా ఉన్నాయి. ఇక్కడ మేమెవరమూ చూడలేదు.

అమ్మ పోయాక మా ఆయన ఆ గడి రికార్డు ఉందా అని అడిగితే, "తెర మీద కనబడిందే రికార్డవుద్ది భయ్యా, తీసేసింది మిషన్లో ఉండదు" అన్నావట. నీ తప్పని అనను. ఆ వేళ ఎవరైనా పెళ్లికూతురినే చూపిస్తారు.

ఇప్పుడు వీడియో తయారుచేస్తున్నావు కదా, ఒక్కటే అడుగుతాను. తాళి కట్టే చోట అమ్మ ఫోటో పెట్టమని మా ఆయన అంటారు. వద్దు, దండ వేసిన ఫోటో పెళ్లిలో ఎందుకు? పై మూలన ఆ గడి మాత్రం ఉంచు, ఖాళీగానే.

తాళి పడగానే ప్రమోద తలెత్తి తెర మీద ఆ మూలకే దణ్ణం పెట్టింది. ఎవరికి పెట్టిందో చూసేవాళ్లకు తెలియాలి.

నీ దీదీ