అలలా, మంటలా: పై అంతస్తు నుంచి వీలునామా

ఈ ఇంటి పై అంతస్తులో ఉంటున్న కళ్ళజోళ్ళవాణ్ణి, పూర్వ నగరాల అధ్యయన సంఘానికి అధ్యక్షుణ్ణి అయిన నేను, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి విషయంలో వీధిలో రెండు అభిప్రాయాలున్నాయి. "ఎవరైనా కోర్టుకెక్కితే ముందు మేడ మీద పడవ సంగతే ఎత్తుతారండీ" అని వకీలుగారు హెచ్చరించారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. పడవ ఉంది. నేనే చేయించాను.

లోకం అంతమవుతుందని నమ్మేవాడికి వీలునామా దేనికని అడగవచ్చు. మా సంఘం లెక్క ప్రకారం ప్రళయానికి ఇంకా చాలా ఏళ్ళుంది. నాకు మాత్రం వానాకాలం దాకా కష్టమేనని డాక్టరుగారు అన్నారు. మా లెక్క ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఆయన లెక్క తప్పినట్టు నేను వినలేదు.

ఇందులో నాకు నిజంగా కావలసింది ఒక్కటే. అది ఆరో అంశంలో ఉంది. మిగతావి దాటేసి అక్కడికి గెంతకూడదని మనవి.

1. నాకు సంతానం లేదు. దుకాణం, అద్దాలు అరగదీసే యంత్రం, ఈ పై అంతస్తు, నా తదనంతరం, కింది అంతస్తులో ఉంటున్న నా తమ్ముడి కూతురికి సర్వహక్కులతో చెందవలెను. ఆమె కింద పడుకుని పైన భోంచేస్తూ పెరిగింది. నాకూ తమ్ముడికీ మాటలు లేని ఇన్నేళ్ళూ కబుర్లు మోసింది కూడా ఆమే. "పెదనాన్నా, కుళాయి కట్టెయ్యమంటున్నాడు నాన్న. ఇంకా చాలా అన్నాడులే, అవి మెట్ల మీదే వదిలేసి వచ్చా" అనేది. ఆ వదిలేసిన మాటలకే ఈ దుకాణం.

2. రాతిపలక ఫోటో సంఘానికి చెందవలెను. గొడవంతా దాని గురించే గనుక వివరంగా రాస్తున్నాను. ఎప్పుడో మాయమైన ఒక నగరంవాళ్ళు లోకం ఎలా ముగుస్తుందో ఆ పలక మీద చెక్కారు. చివరి గుర్తు మూడు వంకర గీతలు. ఫోటోను అడ్డంగా పట్టుకుంటే అలలు, నిలువుగా పట్టుకుంటే మంటలు. పై వైపు ఏదో ఫోటో తీసినవాడు రాయలేదు. నేను నీళ్ళన్నాను. తమ్ముడు నిప్పన్నాడు. వాడు స్టవ్వులు బాగుచేస్తాడు, అదొక కారణం కావచ్చు. దుకాణంలోని భూతద్దాలన్నీ వాడి చూశాం. అవి గీతల్ని పెద్దవి చేశాయి తప్ప తగవు తీర్చలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు వాడు. నా కుందేలుకూ మూడే. ఏ వైపు పైకి ఉండాలో తేలేదాకా సంఘంవాళ్ళు ఆ ఫోటోను గోడకు తగిలించకూడదు.

3. పడవను అమ్మరాదు, కట్టెలుగా కొట్టరాదు. పైగా అది మెట్ల మలుపు తిరగదు. "ప్రళయం ఎప్పుడొస్తుందో గానీ నా బట్టలు ఈపూటే ఆరాలి" అని నా భార్య పడవ కొమ్ముకే దండెం కట్టింది. ఆమె పోయాక ఆ తాడు నేను విప్పలేదు. ఆ ముడి ఆమె చేతిది. ఎవరూ విప్పవద్దు.

4. సంఘం కార్యదర్శి అయిన టైలరుకు నా చేతికర్ర. ప్రళయానికని మా అందరికీ చొక్కాలు కుట్టి, తేలడానికి లోపల దూది కూరాడు. దూది మునుగుతుందని చెప్పాను. "పోన్లెండి, ఈలోగా తలకింద పెట్టుకోవచ్చు" అన్నాడు. సంఘంలో అంత నిబ్బరం ఇంకెవరికీ లేదు.

5. నీళ్ళు తోడే మోటారు తమ్ముడి కూతురిదే, కానీ ఒక షరతు మీద. మంటలనుంచి దాక్కోవడానికి నా తమ్ముడు ఇంటికింద నేలమాళిగ తవ్వించాడు. వాన పడితే అందులో మోకాలి లోతు నీళ్ళు. నా మోటారు పడవకోసం కొన్నది. ఏటా అది తోడింది మాత్రం వాడి నేలమాళిగనే. నేను పైనుంచి గొట్టం వదులుతాను, కింద ఎవరో అందుకుంటారు. పని అయ్యాక గొట్టం రెండుసార్లు లాగుతారు. మా మధ్య మిగిలిన పలకరింపు అదే. నా తదనంతరం గొట్టం వదలడం ఆమె మానకూడదు.

6. నా తమ్ముడికి ఏమీ ఇవ్వడంలేదు. గరిట కూడా.

ఇది పగతో కాదు. వీలునామాలో వాటా పుచ్చుకున్నవాడు సాక్షి సంతకం చేస్తే ఆ వాటా చెల్లదని వకీలుగారు చెప్పారు. సాక్షి అయినవాడు నేను సంతకం చేస్తుండగా కళ్ళారా చూడాలని కూడా చెప్పారు. ఆస్తి ఇస్తే వాడు కిందే కూర్చుని తీసుకుంటాడు, లేదా కిందే కూర్చుని వద్దంటాడు. సాక్షి మాత్రం మెట్లెక్కి రావాలి, నా ఎదురుగా కూర్చోవాలి. నాకు వాణ్ణి చూడాలని ఉంది. లోకం నీటితో పోతుందో నిప్పుతో పోతుందో గానీ, నేను వాడితో మాట్లాడకుండా పోకూడదు.

ఈ ఒక్క అంశం నా తదనంతరం చెల్లదు. అందుచేత ఈరోజే అమ్మాయి దీన్ని కిందికి తీసుకెళ్ళి, వాళ్ళ నాన్న తలుపు ముందు నిలబడి గట్టిగా చదవవలెను. ఈసారి ఏ మాటా మెట్ల మీద వదలకూడదు. అంతవరకు నేను సంతకం చేయను. డాక్టరుగారు తొందరపెట్టవద్దు, వకీలుగారు వేరే సాక్షిని వెతకవద్దు.

తేదీ: మే నెల పదకొండు, ఆదివారం

సంతకం: కళ్ళజోళ్ళవాడు
(సాయంత్రం చేసినది)

సాక్షులు:

1. డాక్టరు. రోగి స్పృహలో ఉన్నారు. మధ్యాహ్నం నుంచీ మెట్లవైపే చూస్తూ ఉన్నారు.

2. తమ్ముడు. అన్నయ్య నా ఎదురుగానే సంతకం పెట్టాడు, చూశాను. కాగితం జారకుండా నేనే పట్టుకున్నాను. అవి మంటలే. ఆ మాట చెప్తే నవ్వి నిద్రపోయాడు. వాదన సగంలో ఉంది, అందుకని ఈ రాత్రికి ఇక్కడే ఉంటున్నాను.