పేరు చెప్పను ప్రభువా

జులై 14, సోమవారం
వంటగది బల్ల దగ్గర

కోడలు పిల్లకి,

మీ మామ ఎవరి చేతా రాయించకుండా తన చేత్తో తానే రాస్తున్న ఉత్తరం. ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలట. రాయను. క్షేమం కాదు కాబట్టి.

నేను చదివింది మూడో తరగతి. తాపీ పట్టినంత తేలిగ్గా పెన్సిలు పట్టలేను. మీ పాప తన పుస్తకంలోంచి గీతల కాగితాలు చింపి ఇచ్చి, గీత దాటకూడదు తాతయ్యా అని చెప్పి బడికి పోయింది. నలభై ఏళ్ళు దారం కట్టి గోడలు లేపినవాడికి గీత సంగతి అది నేర్పుతోంది.

ముందు కబుర్లు. వంటగది కుళాయి మళ్ళీ కారుతోంది, నువ్వు తిప్పితేనే ఆగుతుంది. నీ మొగుడికి ఎప్పటిలాగే నోట్లో నాలుక లేదు. పని నుంచి వస్తాడు, కంచం ముందు కూచుంటాడు, లేస్తాడు. మూడు వారాల కిందట ఆరాధన మధ్యలో గుండె ఆగి పడిపోయాడే, మన చర్చిలో గంట కొట్టే కంపౌండరు, ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాడు. చూడ్డానికి వెళితే, ఛాతీ నొక్కమంటే రెండు పక్కటెముకలు విరగ్గొట్టావు కదరా మేస్త్రీ, నేనేమన్నా పడగొట్టాల్సిన పాతగోడలా కనిపించానా అని తిట్టాడు. తిట్టే ఓపిక వచ్చిందంటే బాగున్నట్టే. ఆ రోజు అంబులెన్సు నంబరుకి ఫోను చేస్తే అవతల ఎవరో ఎలా నొక్కాలో చెప్పారు, నేను నొక్కాను. ఆ గోలలో ఎవరు చెప్పారో ఏమో.

ఇక అసలు సంగతి.

అదే రోజు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నేను అన్నది నాకు బాగా గుర్తుంది. ప్రభువా, ఈ ఇంట్లో ఒకరికి నీ మందిరం కన్నా ఉద్యోగం ఎక్కువైపోయింది, నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటోంది, పేరు చెప్పను, నీకు తెలుసు అన్నాను. ఇందులో అబద్ధం లేదు. నాలుగు ఆదివారాల్లో మూడు నువ్వు ఆ ఫోన్ల దగ్గరే ఉంటున్నావు. ఆమెన్ అన్నాక నువ్వు లేచి, మామయ్యా, నాతో చెప్పాల్సింది నాతోనే చెప్పండి, దేవుడి చేత కబురు పంపకండి, ఆయనకి వేరే పనులున్నాయి అన్నావు. నాకు ఒళ్ళు మండింది. ప్రార్థన నా ఇష్టం అన్నాను. అయితే వినడం నా ఇష్టం అని, తెల్లారేసరికి సంచి సర్దుకుని మీ అక్క ఇంటికి పోయావు. పాపను బడి గేటు దగ్గరే చూసుకుని వెళుతున్నావు. గడప తొక్కడం లేదు.

నేను చెప్పింది తప్పా? ఒకరోజు కాదు అనిపిస్తుంది, ఒకరోజు అవును అనిపిస్తుంది. ఒక్కోసారి ఒక్క రోజులోనే రెండూ.

నేనూ ఆదివారాలు స్లాబు వేశాను. కాంక్రీటు కలిపాక ఇవాళ ఆదివారం అంటే అది ఆగుతుందా? మీ అత్త పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. చర్చిలో తన పక్క కుర్చీలో చేతిసంచి పెట్టి, అడిగినవాళ్ళతో, మా ఆయన వస్తాడు అనేదట. ఏళ్ళ తరబడి అదే మాట. నా స్లాబు వేరు, నీ ఫోను వేరు అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎందుకు వేరో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

పాస్టరుగారిని అడిగాను. పనీ, ఇల్లూ, దేవుడూ మూడూ సమానంగా చూసుకోవాలి అన్నారు. అయ్యా, రసమట్టం నిలబడ్డ గోడ మీద పనిచేస్తుంది, పరుగెత్తే మనిషి మీద పెడితే లోపలి బుడగ ఎక్కడ ఆగుతుందండీ అన్నాను. ఆయన టీ తాగుతారా అన్నారు. తాగి వచ్చాను.

నిన్న సాయంత్రం ప్రార్థన పాప చేస్తానంది. సరే అన్నాను. కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈ ఇంట్లో ఒకరి వల్ల మా అమ్మ వెళ్ళిపోయింది, పేరు చెప్పను, నీకు తెలుసు, వాళ్ళ పళ్ళు రాత్రిపూట గ్లాసులో ఉంటాయి అంది. నీ మొగుడు దగ్గాడు. నవ్వు ఆపుకున్నాడని నాకు తెలుసు. నేను కళ్ళు తెరిచి చూస్తే పాప ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది, తగిలిందా లేదా అని. నేనూ అలాగే చూసేవాణ్ణి, నీవైపు.

ఆమెన్ అనలేకపోయాను. పొద్దున లేచి మోకరిస్తే మాట రాలేదు. నీ మీద చెప్పడం మానేస్తే దేవుడికి చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదేమో అని భయం వేసింది. ఇన్నేళ్ళ విశ్వాసిని, సంఘ పెద్దని, ఇదేం అయోమయమో నాకు అంతుపట్టడం లేదు.

ఇంటికి రమ్మని అడగడం నాకు చేతకాదు. కుళాయి కారుతోందని పైన రాశాను కదా.

ఇట్లు,
నీ మామ
(పేరు చెప్పను, నీకు తెలుసు)

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. ఎవరు చెప్పారో ఏమో అన్నది. అంబులెన్సుకి చేసిన పాస్టరుగారి ఫోను కంపౌండరు తల పక్కనే నేల మీద పెట్టారు. దానికి అందరికన్నా దగ్గర నా చెవే. మొదటి మాటకే నీ గొంతు గుర్తుపట్టాను. ఎముక విరిగినా ఆపకండి, నాతోపాటు లెక్కపెట్టండి అన్నావు. పెట్టాను. అంబులెన్సువాళ్ళు లోపలికి వచ్చాక, ఇక చాలు మామయ్యా, చేతులు తీయండి అన్నావు. ఆ ఏడుపుల్లో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. వినపడలేదని నువ్వు అనుకున్నావేమో. విని కూడా ఆ సాయంత్రం నీ కుర్చీ ఖాళీ అని ప్రార్థన చేశాను. ఎందుకు చేశానంటే నాకే తెలియదు. అంతమందిలో నువ్వు చెప్పినట్టు చేసినవాణ్ణి, ఇంటికొచ్చి నీ ఎదుట మామూలుగా కూచోలేకపోయాను కాబోలు. తర్వాతి ఆదివారం లేచి, ప్రభువే నా చెవిలో చెప్పాడు అని సాక్ష్యం కూడా ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. నీ పేరు అప్పుడూ చెప్పలేదు. ఈ ఆదివారం మళ్ళీ లేచి పేరు చెబుతాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీకు డ్యూటీ ఉంటే వెళ్ళు. నీ కుర్చీలో మీ అత్త సంచి పెడతాను.