అత్త అడిగిన సుయున్షీ

సిస్టర్ దొమినికా గారికి,

ఈ ఉదయం అమ్మ ఇంట్లోని మూడు ఫోన్లనూ రొట్టెల డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ తర్వాతే టీ పోసింది. రొట్టె బల్ల మీదే ఎండిపోతోంది. ఫోన్ ముట్టుకోవడానికి భయపడే మీకు కాగితం మీద రాస్తున్నాను. మీ ఊరికి వెళ్తున్న ఫాదర్ గారి చేతికి ఇస్తాను.

దౌరెన్ అన్నయ్య సరిహద్దు కావలిలో ఉన్నాడని మీకు తెలుసు. పోయిన నెల నాకు ఫోన్‌లో రెండు ముక్కలు రాశాడు. తన దళాన్ని వెనక్కి పిలుస్తున్నారట, శుక్రవారం రాత్రి రైలెక్కుతారట. అమ్మకు తప్ప ఎవరికీ చెప్పవద్దన్నాడు. చదివాక అతనూ నేనూ ఆ సందేశాన్ని తుడిచేశాం. కానీ పక్కింటి ఖాదిశా అత్తకు తెలిసింది. ఆమె మా నాన్న అక్క. నాన్న పోయాక మమ్మల్ని సగం పెంచింది ఆమే.

శుభవార్త ముందు తెచ్చినవారికే సుయున్షీ కానుక కదా. నా పరీక్ష ఫలితం తెచ్చినందుకు అమ్మ మీ భుజాల మీద ఎర్ర శాలువా కప్పింది. మీరు ఏం చేయాలో తోచక అలాగే నిలబడ్డారు. అత్తకు ఆ సరదా మరీ ఎక్కువ. చుట్టాలందరూ ఉన్న ఫోన్ గ్రూపులో తన గొంతుతోనే పెట్టేసింది: "సుయున్షీ, సుయున్షీ! మా దౌరెన్ దళం శుక్రవారం రాత్రి రైలెక్కుతోంది. ఎవరేం ఇస్తారో ఇప్పుడే చెప్పండి. పాత గిన్నెలు తీసుకోను."

ఆ గొంతు ఎక్కడెక్కడికి పోయిందో తెలియదు. ప్రయాణం రద్దయింది. కుర్రాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. రహస్యాన్ని ఫోన్‌లో పంపినా, అందినదాన్ని ఇంకొకరికి పంపినా జైలేనని ఈ చలికాలంలోనే చట్టం వచ్చింది. అత్త మీద కేసు పెట్టారు. అన్నయ్యను అనుమానంతో నిర్బంధంలో ఉంచారు. అతను రాసినట్టు రుజువు లేదు, నా నోరు తప్ప. గురువారం కోర్టులో నన్ను అడగబోయేది ఒకటే: మీ అత్తకు ఎవరు చెప్పారు? నిజం చెబితే అన్నయ్య ఏళ్ళ తరబడి జైల్లో ఉంటాడు. చెప్పకపోతే మొత్తం అత్త నెత్తిన పడుతుంది.

"నీకేం తెలియదు, అంతే," అంది అమ్మ. "ముసలిది. జాలిపడి వదిలేస్తారు."

"వదలకపోతే?"

"నాకు కొడుకు ఒక్కడే."

అప్పుడే అత్త వచ్చింది. మా ముఖాలు చూసింది. "ఏమిటే, నన్ను అప్పుడే పూడ్చేశారా? కాస్త టీ పోసి పూడ్చండి," అంది. అమ్మ ఎప్పుడూ లేనంత మీగడ వేసి ఇచ్చింది.

అన్యాయం ఎదుట మౌనం కూడా అబద్ధమేనని మీరు చెప్పేవారు. తరగతిలో అది నోట్సు రాసుకున్నాను. సిస్టర్, నేను మౌనంగానే ఉండదలచుకున్నాను. మీ జవాబు గురువారం లోపల రాదని తెలిసే రాస్తున్నాను.

మీ
మోల్దిర్


ప్రియమైన సిస్టర్,

మీ ఉత్తరం అందింది. నిజం చెప్పమన్నారు. అప్పటికే అంతా అయిపోయింది.

నన్ను పిలిచారు. లేచాను. నోరు తెరవాల్సిన అవసరం రాలేదు. నాకంటే ముందు అత్తే అందుకుంది.

"ఆ పిల్లను ఎందుకు నిలబెడతావు బాబూ? పుస్తకాల పురుగు, దానికి లోకం ఏం తెలుసు? బస్సులో వెనక సీట్లో ఇద్దరు సైనికులు గుసగుసలాడుకుంటుంటే విన్నాను. మావాడి దళం పేరు వినబడింది. సుయున్షీ ఆశ, ఆగలేకపోయాను."

గుసగుసలు స్పష్టంగా వినబడ్డాయా అని న్యాయమూర్తి అడిగాడు. అత్త ఆయన పెదవులనే చూస్తూ ఊరుకుంది. ఆయన మళ్ళీ అడిగాడు.

"ప్రతి అక్షరం," అంది.

వెనక మా వీధి వీధంతా కూర్చుంది. ముందు వరసలో గుల్షారా ఉంది. ఆమె కొడుకూ అన్నయ్య దళంలోనే ఉన్నాడు, ఇంకా రాలేదు. ప్రయాణం ఆగినప్పటినుంచి ఆమె మాతో మాట్లాడటం లేదు. ఆమె ఒక్కమాట అంటే చాలు. తల వంచుకుని చేతి తొడుగులు సర్దుకుంది. ఎవరూ దగ్గలేదు.

అత్తకు రెండేళ్ళు వేశారు. వ్యాను ఎక్కుతూ అమ్మతో, "నా సుయున్షీ బాకీ ఉంది. శాలువా అయితే మందపాటిది తే," అంది. అమ్మ తన తల మీదిదే తీసి ఇచ్చింది.

ఆదివారం అన్నయ్యను వదిలారు. ఎవరితోనూ మాట్లాడడు. తాళం వేసిన అత్త గుమ్మం ముందు రోజూ మంచు తోస్తాడు. ఎవరు నడవడానికని అమ్మ అడగదు.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. మీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. మా వీధిలో అందరికీ తెలిసినదే. ఖాదిశా అత్తకు ఎన్నో ఏళ్ళుగా చెవులు వినపడవు. ఆ శుభవార్త ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పింది నేనే.

మోల్దిర్