ఎర్రదారం హెడ్‌ఫోన్

అక్కా, భీవండి కెల్లి నీ తమ్ముడు సత్తి నీ కాళ్లకు మొక్కి రాస్తుండు. నువ్వు, పిల్లలు, మామ అందరు పైలమే గదా? మామ మోకాళ్లు ఎట్లున్నయి? నేను బాగనే ఉన్న. బావ పానం గుడ మంచిగనే ఉంది, ఫికర్ చెయ్యకు. బావను ఠాణల ఏసిండ్రని నీకెవలో ఊదిండ్రట. ఫోన్ జేస్తే ఎత్తుతలేవు. గందుకే ఊరికొస్తున్నాయన చేతికి గీ ఉత్తరం ఇచ్చిన. వరుసగ సదువు, ఆఖరుకు ఉరుకకు.

ఈడ వాన ఇడుస్తలేదు. గోడకు చెయ్యివెడితే తడి. తినుడేమో పావురొట్టెల ఆలుగడ్డ బజ్జి, కడుపంత మంట. సాంచెల మీద బట్టనేసే పని బందైనంక పాటల స్టూడియోల చేరిన అని చెప్పిన గదా. పాడేటోల్లు, వాయించేటోల్లు అద్దాల అర్రల ఉంటరు. మేం ఇవుతల మిషిన్ కాడ. వాళ్లకు పాట హెడ్‌ఫోన్ల పోవాలె, దాన్ని క్యూ అంటరు. మనం ఏమన్న చెప్పాల్నంటే టాక్‌బ్యాక్ మీట నొక్కి మాట్లాడాలె. ఒక్కొక్కలకు ఒక్కో తీగె, ఒక్కో మీట. అవన్ని కలుపుడు నా పని. అందరు తీగెలకు టేపుముక్కలు అంటిస్తరు. నేను సాంచెకాడి అలవాటు, రంగుదారాలు ముడేస్త.

పెండ్లిపాట పాడెతందుకు ఊరికెల్లి బావను నేనే పిలిపిచ్చిన. ఎర్రదారం హెడ్‌ఫోన్ బావకు, పచ్చదారంది ఢోలక్ మారుతికి పెట్టిన. మారుతి జైనూర్ దిక్కోడు, చేతులు రోకలి బండలు. తల్లి మొన్ననే కాలం జేసింది, గుండు మీద ఎంట్రుకలు ఇంక మొలవలే. నీ మొగడేం జేసిండు? ఎర్రదారందాని మెత్త చినిగిందని లోపల్నే మారుతితోని మార్చుకుండు. నేను దారం జూసిన గని, ఎవని నెత్తి మీద ఏదున్నదో చూడలే.

బావ తాళం తప్పిండు. నేను ఎప్పటి లెక్క, నవ్వుకుంట ఎర్రదారం మీట నొక్కిన.

"ఓ సన్నాసోడా, నిన్ను కన్న మీ అవ్వను అనాలె. పుట్టంగనే గొంతు పిసికితే పీడ పోతుండె గదరా."

అద్దంల జూస్తే బావ ఏం ఇననట్టు నిలవడ్డడు. మారుతి ఢోలక్ పక్కకు వెట్టి లేచిండు.

తలుపు తన్నుకుంట వచ్చి నా ఎంట్రుకలు వట్టి మొకాన్ని మిషిన్‌కేసి గుద్దిండు. ఒక్కపారి గాదు. మీటలన్ని నా పండ్లతోనే నొక్కుకున్నయి. నా బొబ్బ పొయ్యి బావ చెవుల వడ్డది. బావ మైకు స్టాండు గుంజుకొని ఉరికొచ్చి మారుతి గుండు మీద ఏసిండు. రక్తం అద్దం మీద చిల్లింది. గంత దెబ్బకు గుడ వాడు పడలే. హెడ్‌ఫోన్ తీగె బావ మెడకు సుట్టి గుంజిండు. బావ కండ్లు తెల్లవడ్డయి. నేను వాని చెయ్యి కొరికిన. నోట్లెకు మాంసం వచ్చింది, అబద్ధం ఎందుకు. స్టూడియో సేటు, పక్క దుకాణపోల్లు వచ్చి గుంజితే గని ఇడువలే.

మారుతిని దవాఖానకు, బావను ఠాణకు తీస్కపోయిండ్రు. మారుతి నోరు తెరిచి "వీడే కొట్టిండు" అంటే బావ జైలుకే. నేను పొయ్యి వాని మంచం కాడ కాళ్లు వట్టుకున్న.

"నిన్ను బావ అనుకొని తిట్టిన. మా దిక్కు బావబామ్మర్దులు గట్లనే తిట్టుకుంటరు."

"మా దిక్కు గుడ తిట్టుకుంటరు. నేను నీకేం బావనురా?"

నేను కాళ్లు ఇడువలే. వాడు నా చేతులు ఇదిలించుకొని, "నీ మాట నా చెవుల వడ్డది. నా దెబ్బ నీ చెవుల పడాలె. అప్పుడు ఠాణకు వస్త" అన్నడు.

కట్టుతోనే స్టూడియోకు వచ్చి అద్దాల అర్రల కూసుండు. ఢోలక్ మొకాన మైకు వెట్టిచ్చిండు. సేటు "వద్దుర సత్తి, చెవులు పోతయి" అన్నడు. నేనే కలిపిన. గీసారి ఏ తీగె ఏడికి పోతుందో రెండుసార్లు జూసిన. ఆవాజ్ నిండుగ పెట్టి హెడ్‌ఫోన్ తలకేసుకున్న. ఠాణల బావ మోకాళ్లల్ల తలవెట్టుకొని కూసున్నదే నా కండ్లల్ల ఉన్నది.

మారుతి ఒక్కటే కొట్టిండు. అరచేయి ఎత్తుడు జూసిన, దించుడు చూడలే. చెవుల సుత్తెతోని మొల దిగ్గొట్టినట్టైంది. కింద వడ్డ. చెవికి చెయ్యివెడితే తడి తడి. వాడు ముంగటికొచ్చి ఏమో అంటుండు, పెదవులు కదులుతున్నయి గంతే.

అటెన్క మారుతి ఠాణకొచ్చి, వానకు మెట్ల మీద జారి పడ్డనన్నడు. బావను ఇడిసిండ్రు. మాకు, వానికి మాటల్లేవు, వద్దు గుడ. నా మూతికేసిన కుట్లు ఇప్పినంక బావను బస్సెక్కిస్త. మెడ మీద తీగె వాత ఉంటది, జూసి మొత్తుకోకు. వచ్చిన దినమే లొల్లి వెట్టకు, మెత్తగ జొన్నగడుక వండి పెట్టు, గొంతు నొప్పికి గట్టిది మింగరాదు. నాకు ఇంత మామిడికాయ తొక్కు పంపు.

మామకు శనార్తులు చెప్పు. పిల్లలను నా పేరు మీద ఒక్కో మొట్టికాయ ఎయ్యి. నువ్వు నా నెత్తి మీద చెయ్యివెట్టి దీవించినట్టు అనుకొని ఆపుతున్న. నేనొచ్చినప్పుడు నన్ను తిట్టుడే ఉంటే, ఎడమదిక్కు నిలవడి కడుపు నిండ తిట్టు. ఆ దిక్కు ఇనవడది.

నీ తమ్ముడు
సత్తి