అడ్డా మీద యాదయ్య చోటు

మంగళవారం, ఎస్.ఆర్. నగర్ రూము.

కూలీల పని గురించి మా యూనివర్సిటీ విదేశీ యూనివర్సిటీతో కలిసి చేస్తున్న సర్వే కోసం పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే అమీర్‌పేట అడ్డాకు వెళ్లాను. నాతో మూడుసార్లు మాట్లాడిన కూలీ యాదయ్య సంతకం అంగీకారపత్రం మీద కావాలి. అది లేకపోతే అతని మాటలేవీ సర్వేలో చెల్లవు. అతను రోజూ నిలబడే స్తంభం దగ్గర చోటు ఖాళీగా ఉంది.

"అసలు యాదయ్య స్లాబు మీదికెళ్లి కింద పడి ఎప్పుడో పోయిండు సార్," అన్నాడు పక్కనున్న కూలీ మల్లేశన్న. "గాడ ఎవడు నిలబడ్డా మేస్త్రి గదే పేరుతోని పిలుస్తడు. మీతోని మాట్లాడినోడు మూడోవాడు. వాడు సుత పనికి పోయి మళ్ల రాలే."

"అతని పేరేంటి?"

"మూడుసార్లు కూసున్నరు గదా, మీరడిగిండ్రా?"

లేదు. మేస్త్రి పిలిచిన పేరే రాసుకున్నాను.

వస్తాడేమోనని ఆ స్తంభం దగ్గరే నిలబడ్డాను. ఆటో ట్రాలీ ఆగింది. మేస్త్రి నన్నే చూస్తూ, "యాదయ్యా, ఎక్కు," అన్నాడు.

నా నోట "ఆఁ" అని వచ్చింది. ట్రాలీ మీద చెయ్యి కూడా వేశాను.